మాంచెస్టర్ యునైటెడ్ అభిమానం: ఫెర్గూసన్ తర్వాతి ఏళ్ల అనుభవ సమీక్ష

హైదరాబాద్‌లో ఉంటూ, మేనేజర్ (ప్రధాన కోచ్) అలెక్స్ ఫెర్గూసన్ చివరి సీజన్లనుంచి ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ ఆటలను క్రమం తప్పకుండా చూస్తున్న ప్రేక్షకుడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. వేళల విషయంలో మనకు ఇబ్బంది లేదు. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ఆట చలికాలంలో మనకు రాత్రి ఎనిమిదిన్నరకు, భోజనాల సమయానికి వస్తుంది. చిక్కంతా ప్రసారంతో కాదు, ప్రసారమయ్యేదానితో.

2013లో ఫెర్గూసన్ క్లబ్‌కు ఇరవయ్యో లీగ్ టైటిల్ అందించి విరమించుకున్నారు. అదే వేసవిలో ఆటగాళ్ల బేరసారాలు చూసే డేవిడ్ గిల్ కూడా తప్పుకున్నారు. అందరూ మొదటి ఖాళీ గురించే మాట్లాడతారు గానీ, నా అంచనాలో ఎక్కువ నష్టం చేసింది రెండోదే. గిల్ బాధ్యతలు అందుకున్న ఎడ్ వుడ్‌వర్డ్ బ్యాంకింగ్ రంగం నుంచి వచ్చినవారు. 2005లో గ్లేజర్ కుటుంబం అప్పులు చేసి క్లబ్‌ను కొన్నప్పుడు వారికి సలహాలు ఇచ్చినవారిలో ఒకరు. స్పాన్సర్లను తేవడంలో ఆయన దిట్టే. కానీ ఎవరిని కొనాలో నిర్ణయించేందుకు ఫుట్‌బాల్ డైరెక్టర్ అనే పదవిని క్లబ్ 2021 దాకా ఏర్పాటు చేయనే లేదు.

ఫలితంగా మేనేజర్ మారినప్పుడల్లా జట్టు, మేస్త్రి మారినప్పుడల్లా పాత గోడలు కూల్చి కొత్త పునాది తవ్వే ఇల్లులా తయారైంది. 2014లో మేనేజర్ వాన్ గాల్ హయాంలో దాదాపు 6 కోట్ల పౌండ్లకు, అప్పటి బ్రిటిష్ రికార్డు ధరకు, డి మరియాను తెచ్చి ఏడాది తిరగకుండానే పారిస్‌కు అమ్మేశారు. 2012లో నామమాత్రపు పరిహారానికి ఇటలీ క్లబ్ యువెంటస్‌కు వదులుకున్న పోగ్బాను మౌరీనియో మేనేజర్‌గా వచ్చాక 8.9 కోట్ల పౌండ్ల ప్రపంచ రికార్డు ధరకు తిరిగి కొని, 2022లో ఒప్పందం ముగియగానే పైసా రాకుండా అదే యువెంటస్‌కు పోనిచ్చారు. ఆ తర్వాతి మేనేజర్ సోల్‌షార్ కాలంలో 7.3 కోట్లకు వచ్చిన సాంచో, తర్వాత వచ్చిన మేనేజర్ టెన్ హాగ్‌తో పొసగక జర్మనీ క్లబ్ డోర్ట్‌మండ్‌కు అద్దె ఆటగాడిగా వెళ్లి, అక్కడ 2024 చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు. ఆ తర్వాత అతన్ని అద్దెకు తీసుకున్న చెల్సీ, పూర్తిగా కొనడం కంటే 50 లక్షల పౌండ్లు కట్టి వెనక్కి పంపడమే మేలనుకుంది. ఇంతకంటే నిక్కచ్చి మదింపు నేను రాయలేను.

టెన్ హాగ్‌కు తాను ఇదివరకు డచ్ క్లబ్ అయాక్స్‌లో ఆడించినవారంటే నమ్మకం. వారిలో ఒకడైన ఆంటొనీ కోసం 8 కోట్ల పౌండ్లకు పైగా పోశారు. చివరికి స్పెయిన్ క్లబ్ బెటిస్‌కు అమ్మినప్పుడు అందులో మూడో వంతు కూడా రాలేదు. ఇక్కడొక లెక్క గమనించాలి. ఆటగాడి ధరను ఖాతాల్లో ఒప్పందం నడిచే ఏళ్లకు సమంగా పంచి చూపిస్తారు కాబట్టి, తప్పు కొనుగోలు భారం ఒక్క ఏడాదితో తీరదు. లీగ్ నిబంధనలు మూడేళ్ల నష్టాలకు పరిమితి పెట్టినప్పుడు, అమ్మకంలో పూర్తి లాభంగా కనిపించేది, కొన్న ధరంటూ లేని, సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడే. అలా 2024లో నాపోలీకి వెళ్లిన మెక్‌టొమినే, తొలి సీజన్‌లోనే అక్కడ టైటిల్ గెలిచి, ఇటలీ లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. మనవాడు బాగుపడ్డాడని సంతోషించాలో, మన దగ్గర ఎందుకు బాగుపడలేదని ఏడవాలో తెలియక ఆ సీజనంతా నాపోలీ ఆటలు కూడా చూశాను.

టెన్ హాగ్ ఒప్పందాన్ని 2024 వేసవిలో పొడిగించి, అక్టోబరులో తొలగించారు. ఇది పాత యాజమాన్యం నిర్వాకం కాదు, ఆట వ్యవహారాలు చక్కదిద్దుతామని వాటా కొన్న రాట్‌క్లిఫ్ బృందం నిర్ణయం. సీజన్ మధ్యలో మేనేజర్‌గా వచ్చిన అమోరిమ్‌పై నా ఫిర్యాదు ఆయన 3-4-3 (వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు) పద్ధతి మీద కాదు. పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌కు రెండు లీగ్ టైటిళ్లు తెచ్చిన పద్ధతి అది. వింగర్లతో (అంచుల వెంట దాడి చేసేవారితో) నిండిన జట్టు చేతికొచ్చినప్పుడు, నడిమైదానం నట్టనడుమ ఇద్దరే మిగిలి ప్రత్యర్థుల ముగ్గురి మధ్య నలిగిపోతున్నా, వారాల తరబడి ఏమీ మార్చకపోవడం మీద. 2024-25లో 18 ఓటములు, 42 పాయింట్లు, 15వ స్థానం. బిల్బావ్‌లో యూరోపా లీగ్ ఫైనల్ ఓడింది కూడా లీగ్‌లో మనకన్నా కింద, 17వ స్థానంలో ఉన్న టోటెన్‌హామ్ చేతిలో.

అదే ఏడాది వందలాది ఉద్యోగులను తొలగించారు, సిబ్బందికి ఉచిత భోజనం ఆపేశారు, సీజన్ మధ్యలో సభ్యుల టికెట్‌ను 66 పౌండ్లు చేసి పిల్లలకూ వృద్ధులకూ రాయితీ ఎత్తేశారు. ఆంటొనీ మీద పోయిన సొమ్ము ముందు ఈ పొదుపు ఎంత? స్టేడియం బయట నిరసనలకు దిగినవారిని అతిగా స్పందిస్తున్నారని ఇక్కడి మిత్రులు కొందరు అంటే నేను ఒప్పుకోను. నెలవారీ చందా కట్టే మనకంటే వారికి పోయేది చాలా ఎక్కువ.

2025 వేసవిలో కున్యా, ఎంబ్వేమో, షెష్కోల కోసం దాదాపు 20 కోట్ల పౌండ్లు పెట్టారు. ముగ్గురూ దాడి చేసేవారే, ఎంపికలుగా మంచివే. నడిమైదానానికి మాత్రం ఒక్కరినీ కొనలేదు. ఆగస్టులో నాలుగో అంచె జట్టు గ్రిమ్స్‌బీ లీగ్ కప్‌లో పెనాల్టీలపై 12-11తో ఇంటికి పంపినప్పుడు కూడా మొదటి సగంలో బలహీనత బయటపడింది ఆ చోటే.

కాబట్టి అయిదుకు రెండు ఇస్తున్నాను: ఒకటి అకాడమీకి, ఒకటి ఏ మేనేజర్ వచ్చినా వదలకుండా పరిగెత్తిన బ్రూనో ఫెర్నాండెస్‌కు. కొత్తగా ఇంగ్లిష్ ఫుట్‌బాల్ చూడాలనుకునే వారికి ఈ క్లబ్‌ను నేను సిఫారసు చేయను. మా అన్నయ్య కొడుకు ఇప్పటికే బ్రైటన్ ఆటలు చూస్తున్నాడు, నేను వద్దనలేదు.