పేచ్‌లోని జోల్నాయ్ సాంస్కృతిక వాడ: ఒక పాత నగరం సంపాదన కథ

హంగరీ దక్షిణాన, మెచెక్ కొండల పాదాన ఉన్న పేచ్ నగరంలో, నడిబొడ్డున ఉన్న సేచెన్యి కూడలి నుండి కిరాయ్ వీధి మీదుగా తూర్పుకు నడిస్తే దాదాపు ఇరవై నిమిషాలలో జోల్నాయ్ సాంస్కృతిక వాడకు చేరుకుంటాము. ఒకప్పుడు పూర్తిగా పింగాణీ, మట్టిసామగ్రి కర్మాగారంగా ఉన్న ఈ ఆవరణలో ఎక్కువ భాగాన్ని, 2010లో పేచ్ నగరం ఎస్సెన్, ఇస్తాంబుల్ నగరాలతో పాటు ఐరోపా సాంస్కృతిక రాజధానిగా ఉన్నప్పుడు చేపట్టిన పనుల్లో భాగంగా బాగుచేసి, ప్రదర్శనశాలలకు, నాటకశాలకు, విశ్వవిద్యాలయపు కళావిభాగానికి కేటాయించారు. అందమైన పాత్రలు చూడటానికి వెళ్లేవారికి ఇది ఎలాగూ నచ్చుతుంది. అయితే ఈ సమీక్ష ముఖ్యంగా మరో రకం సందర్శకుల కోసం: ఒక పాత ఊరు శతాబ్దాల పాటు ఏమి చేసి బతికిందో తెలుసుకోవాలనుకునే వారి కోసం. వారికి ఈ వాడ చాలా ఇస్తుంది, కానీ అంతా ఇవ్వదు. మిగిలినది ఊళ్లో మరోచోట వెతుక్కోవాలి.

పేచ్‌కు చరిత్ర కొరత లేదు. రోమన్లు సోపియానే అని పిలిచిన పట్టణం ఇదే. నాలుగో శతాబ్దపు క్రైస్తవ సమాధి గదులు, వాటిలోని కుడ్యచిత్రాలు 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 1009లో స్టీఫెన్ రాజు ఇక్కడ బిషప్ పీఠాన్ని నెలకొల్పాడు; 1367లో లూయీ రాజు హయాంలో హంగరీ మొట్టమొదటి విశ్వవిద్యాలయం ఇక్కడే వెలిసింది. 1543 నుండి 1686 వరకు సాగిన ఒట్టోమన్ పాలనకు గుర్తుగా గాజీ కాసిం పాషా మసీదు నేటికీ ప్రధాన కూడలిలో, కేథలిక్ చర్చిగా, నిలిచి ఉంది. ఇవన్నీ తప్పక చూడదగినవే. కాకపోతే ఇవి ఎవరు పాలించారో, ఎవరు ప్రార్థించారో చెబుతాయి గాని, మామూలు ఇంటివాడికి కూలి ఎక్కడి నుండి వచ్చిందో చెప్పవు.

ఆ సంగతి తెలియాలంటే పందొమ్మిదో శతాబ్దం నడిమికి రావాలి. హంగరీలో మేలురకం నల్లబొగ్గు దొరికే కొండలు మెచెక్ కొండలే. 1850లలో డాన్యూబ్ స్టీమర్ కంపెనీ ఆ గనులలో అడుగుపెట్టింది. నదిలో తిరిగే తన ఓడలకు బొగ్గు కావాలి, ఆ బొగ్గు మొహాచ్ రేవుకు చేరాలి, అందుకు 1857లో పేచ్ నుండి మొహాచ్‌కు రైలుమార్గం వచ్చింది. 1882 నాటికి బుడాపెస్ట్‌తోనూ రైలు సంబంధం ఏర్పడింది. కొండల పక్కన ఒదిగి ఉన్న ఊరికి బయటి మార్కెట్టు తలుపు తెరిచింది ఈ పట్టాలే. ఆ తరంలోనే లిట్కె లోరింట్స్ నురగలొచ్చే ద్రాక్షసారా (షాంపేన్ రకం) కార్ఖానాను (1859), హమెర్లి యానోష్ చేతితొడుగుల కర్మాగారాన్ని (1861), పారిస్‌లో పని నేర్చుకుని వచ్చిన అంగ్‌స్టెర్ యోజెఫ్ చర్చి ఆర్గన్ల తయారీశాలను (1867) ఇక్కడే ప్రారంభించారు. తోలు, ద్రాక్ష, బొగ్గు, మట్టి: ఊరి చుట్టూ ఏమి దొరికితే దానిని పనితనంతో ఖరీదైన సరుకుగా మార్చి అమ్మడం ఈ నగరానికి అలవాటైన వ్యాపారం. జోల్నాయ్ కుటుంబం ఆ వ్యాపారాన్ని మిగిలిన అందరికంటె దూరం తీసుకువెళ్లింది.

వాడలోని ప్రదర్శనలు ఈ కుటుంబ కథను స్పష్టంగా చెబుతాయి. ప్రధాన కూడలిలో దుకాణం నడిపిన మిక్లోష్ జోల్నాయ్ 1853లో ఒక చిన్న మట్టిసామగ్రి కార్ఖానా పెట్టి, దానిని పెద్దకొడుకు ఇగ్నాట్స్‌కు అప్పగించాడు. అది సరిగా నడవలేదు. చిత్రకారుడు కావాలని కోరుకుని, తండ్రి మాట కాదనలేక వ్యాపారంలో కూర్చున్న చిన్నకొడుకు విల్మోష్, 1865లో ఆ కార్ఖానాను తన చేతిలోకి తీసుకున్నాడు. నీటి గొట్టాలు, మామూలు గిన్నెలు చేసే చోట మట్టి మిశ్రమాలతో, గ్లేజులతో (పాత్ర మీద గాజులా మెరిసే పూతలతో) స్వయంగా ప్రయోగాలు సాగించాడు. 1873 వియన్నా ప్రపంచ ప్రదర్శనలో అతని సరుకు జనం కంట పడింది. 1878 పారిస్ ప్రదర్శనలో స్వర్ణపతకం దక్కింది. కూతుళ్లు తెరేజ్, యూలియా నమూనాలు గీశారు, కొడుకు మిక్లోష్ వ్యాపారం చూశాడు. ఐదు చర్చి గోపురాల వ్యాపార ముద్రలో ఈ ముగ్గురి పేర్ల తొలి అక్షరాలు కూడా చోటు చేసుకున్నాయి. ఇంటి ఆడపిల్లల చేతిపనిని కర్మాగారపు గుర్తులోనే నమోదు చేసిన యజమానులు ఆ కాలంలో ఎందరు ఉండి ఉంటారో నాకు అనుమానమే.

వాడలో తప్పనిసరిగా చూడవలసినది షికోర్స్కి భవనంలోని ద్యుద్యి సంకలనం. అమెరికాలో స్థిరపడిన హంగరీ ఇంజనీరు ద్యుద్యి లాస్లో దశాబ్దాల పాటు సేకరించిన దాదాపు 600 వస్తువులను నగరం కొనుగోలు చేసి ఇక్కడ పెట్టింది. 1870ల నుండి మొదటి ప్రపంచయుద్ధం దాకా జోల్నాయ్ కళాపాత్రలు ఎలా మారాయో గది తరువాత గదిలో కనిపిస్తుంది: మొదట పర్షియా, టర్కీ నమూనాల ఛాయలో వచ్చిన బంగారు, నీలి అలంకారాలు, తరువాత హంగరీ జానపద పూలు, చివరికి తీగలు, కప్పలు, నత్తలు, నగ్న స్త్రీమూర్తులు కలిసి ఒకే పాత్రగా కరిగిపోయినట్టుండే, 1900 ప్రాంతంలో ఐరోపాలో సాగిన ఆర్ నూవో అలంకార శైలి. వెలుతురు తక్కువగా ఉంచి వస్తువుల మీదికే దీపాలు తిప్పిన ఈ అమరిక ఇయోసిన్ అనే లోహపు మెరుపు పూత ఉన్న పాత్రలకు బాగా నప్పుతుంది. అద్దపు పెట్టె ముందు ఒక అడుగు పక్కకు వేస్తే పాత్ర ఆకుపచ్చ నుండి ఊదాకు, ఊదా నుండి రాగిరంగుకు మారుతుంది. అందుచేత ఇక్కడ తొందరపడి నడిచేవారు సగం వస్తువునే చూసినట్టు.

ఇయోసిన్ రహస్యం ఏమిటో తెలిస్తే ఈ గదులు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. మామూలుగా గ్లేజు వేసి కాల్చిన పాత్ర మీద రాగి, వెండి వంటి లోహాల లవణాలు కలిపిన పూత పూసి, మరోసారి తక్కువ వేడిలో కాలుస్తారు. ఆ కాల్పులో బట్టీలోకి గాలి బాగా తగ్గించి, పొగ నింపుతారు. ఆక్సిజన్ లేని ఆ పొగ లోహ లవణాలలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటే, గ్లేజు మీద కంటికి ఆనని పలుచని లోహపు పొర మిగులుతుంది. దాని మీద పడిన వెలుతురు చూసే కోణాన్ని బట్టి రంగులు మారుస్తుంది. రసాయన శాస్త్రవేత్త వర్తా విన్సె తోడ్పాటుతో జోల్నాయ్ కర్మాగారం 1893లో ఈ పద్ధతిని సాధించింది. వేడి కొంచెం అటూ ఇటూ అయినా, పొగ ఒక క్షణం ఎక్కువైనా పాత్ర పాడవుతుంది కనుక, ఈ సరుకు ఎప్పటికీ చవకగా దొరకదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. పతకాలు తెచ్చినది ఇయోసిన్ కావచ్చు. కర్మాగారాన్ని పెద్దది చేసినది మాత్రం కట్టడాల సరుకే. 1886లో విల్మోష్ పైరోగ్రానైట్ అనే గట్టి మట్టిసామగ్రిని తీసుకువచ్చాడు. అధిక వేడిలో కాల్చిన ఈ పెంకులు, పలకలు మంచుకు పగలవు, వానకు రంగు వెలిసిపోవు. చలికాలం గడ్డకట్టే దేశంలో అంతకంటె పెద్ద గుణం కట్టడపు సరుకుకు ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే బుడాపెస్ట్ నగరం, హంగేరియన్లు ఆ నేలకు వచ్చి వెయ్యేళ్లయిన సందర్భంగా 1896లో జరిగిన సహస్రాబ్ది ఉత్సవాల ముందూ వెనుకా, పోటీపడి పెద్ద భవనాలు కడుతోంది. షూలెక్ ఫ్రిగ్యేష్ పునర్నిర్మించిన మాతియాస్ చర్చి పైకప్పు, లెచ్నెర్ ఓడొన్ కట్టిన అలంకార కళల మ్యూజియం, తపాలా పొదుపు బ్యాంకు, పార్లమెంటు భవనంలోని అలంకారాలు, ఇవన్నీ పేచ్ బట్టీల నుండి వెళ్లిన సరుకే. బొగ్గుతో ఊరికి వచ్చిన పట్టాలు ఈ బరువైన పెంకులకూ దారి అయ్యాయి. బుడాపెస్ట్‌లో తలెత్తి చూసి మెచ్చుకునే ప్రతి మెరిసే కప్పు వెనుక పేచ్ నగరపు కూలిలెక్క ఉన్నదని గుర్తుంచుకుని ఈ వాడ చూడటం మంచిది. ఆవరణలోనే గోడల మీద, పొగగొట్టాల మీద, ద్వారబంధాల మీద అమర్చిన పలకలు కర్మాగారం తనకు తాను తయారుచేసుకున్న ప్రకటనలే. కొనుగోలుదారుకు నమూనా పుస్తకం చూపించే బదులు గేటు దగ్గరే నిలబెట్టవచ్చు.

తొలినాటి గులాబీరంగు ఇంటిపాత్రల ప్రదర్శన చిన్నదే అయినా, కళాపాత్రలకు ముందు ఈ కార్ఖానా బతుకు ఎలా ఉండేదో చూపిస్తుంది. అరగంటకు మించి అక్కరలేదు. పనివారు అచ్చులు పోయడం, పూత వేయడం దగ్గరగా చూపే చోటు పిల్లలకు నచ్చుతుంది. వాడకు కొంత ఎగువన ఉన్న జోల్నాయ్ సమాధి మందిరానికి వెళ్లే దారికి ఇరువైపులా 42 సింహపు బొమ్మలు కూర్చుని ఉంటాయి. విల్మోష్ 1900లో మరణించాడు. తన కర్మాగారాన్ని చూస్తూ నిలబడటానికి అతడు ఇష్టపడిన కొండ మీదనే అల్లుడు షికోర్స్కి తాదే ఈ మందిరాన్ని రూపొందించాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఎక్కుడు కొంచెం కష్టమే గాని, మానుకోవద్దు.

వాడలో నాకు వెలితిగా తోచినది 1914 తరువాతి భాగం. ఈ ప్రదర్శనల మనసు స్వర్ణయుగం మీద ఉన్నది, అందులో తప్పు లేదు. కానీ ఒక పారిశ్రామిక నగరాన్ని అర్థం చేసుకోవడానికి ఎదుగుదల ఎంత ముఖ్యమో, ఆ తరువాతి కాలమూ అంతే ముఖ్యం. యుద్ధంతో అలంకార సరుకుకు గిరాకీ పడిపోయింది. 1918 నవంబరు నుండి 1921 ఆగస్టు వరకు నగరం సెర్బియా సైన్యాల అధీనంలో ఉండిపోయింది. 1948లో కర్మాగారం జాతీయమైంది. కళాపాత్రల పేరున్న చోట విద్యుత్ ఇన్సులేటర్లు, రోజువారీ వంటింటి సరుకు ప్రధానమయ్యాయి. అదే దశాబ్దాలలో నగరం మళ్లీ గనుల ఊరైంది: 1950లలో యురేనియం తవ్వకాలు మొదలై, గని కార్మికుల కోసం ఉరాన్‌వారోష్ అనే కొత్త పేటే కట్టారు. ఆ గనులు 1997లో మూతపడ్డాయి. బొగ్గులో చివరగా మిగిలిన ఓపెన్‌కాస్టు తవ్వకం 2004లో ఆగింది. విద్యుత్కేంద్రం కట్టె, గడ్డి మండించడానికి మారింది; నగరపు ఇళ్లకు వేడినీరు నేడు ఎక్కువగా అక్కడి నుండే వెళుతుంది. గనుల తరువాత ఆశగా వచ్చిన ఫిన్లాండు ఎలక్ట్రానిక్స్ సంస్థ ఎల్కోటెక్ 2011లో దివాలా తీయడంతో వేలమంది ఉద్యోగాలు పోయాయి. 1990లో సుమారు 1,70,000 ఉన్న జనాభా 2022 నాటికి దాదాపు 1,40,000కు తగ్గింది. ఇప్పుడు ఊరికి పెద్ద ఆదరువు విశ్వవిద్యాలయం. ఆంగ్లంలో, జర్మన్‌లో వైద్యవిద్య చదవడానికి విదేశాల నుండి వచ్చే విద్యార్థుల అద్దెలు, ఖర్చులు నగరపు చాలా ఇళ్లకు ఆదాయం. పాత బట్టీల మధ్య కళావిద్యార్థులు తిరగడం ఒక అందమైన దృశ్యమే కాదు, ఊరు జీవనోపాధి మార్చుకున్న తీరుకు సాక్ష్యం కూడా.

అందుకే నా సలహా: అదే పర్యటనలో పాత ఊళ్లోని కాప్తలాన్ వీధికి కూడా వెళ్లండి. అక్కడ రెండు అడుగుల దూరంలోనే జోల్నాయ్ మ్యూజియం, భూగర్భంలో మెచెక్ గనుల మ్యూజియం ఉన్నాయి. నేలమాళిగలలో గని లోపలి పనిముట్లు, ఆసరా కర్రల అమరిక చూసిన తరువాత వాడలోని మెరిసే పాత్రలు వేరుగా కనిపిస్తాయి. వరుస మాత్రం వాడ ముందు, గని తరువాత కాకుండా, గని ముందు, వాడ తరువాత పెట్టుకుంటే ఇంకా మేలు.

కొనడం విషయానికి వస్తే, జోల్నాయ్ కర్మాగారం ఇప్పటికీ పనిచేస్తున్నది, దుకాణంలో కొత్త ఇయోసిన్ వస్తువులు దొరుకుతాయి. చేతిపని ఎక్కువ కనుక చిన్న వస్తువు ధర కూడా వేల ఫోరింట్లలో ఉంటుంది. బహుమతికి చిన్న పూలపాత్ర లేదా పిడికిలిలో పట్టే జంతువు బొమ్మ సరిపోతుంది. అడుగున ఐదు గోపురాల ముద్ర చూసి కొనండి. పాత వస్తువుల మీద అచ్చులోనే ఒత్తిన నమూనా సంఖ్య కూడా ఉంటుంది. సంతలో పాతదని అమ్మే వస్తువు కనిపిస్తే ఆ సంఖ్య ఉన్నదో లేదో ముందు చూడాలి. ఇయోసిన్ పొర పలుచనిది, రుద్దితే, పుల్లని పదార్థం తగిలితే పోతుంది. దానిని అలంకారానికే ఉంచి, మెత్తని గుడ్డతో మాత్రమే తుడవాలి. భోజనానికి వాడాలనుకునేవారు మామూలు పింగాణీ కంచాలు కొనుక్కోవడం ఉత్తమం.

మొత్తం వాడకు నింపాదిగా ఐదారు గంటలు కేటాయించండి; ద్యుద్యి సంకలనానికి ఒక్కదానికే రెండు గంటలు పట్టినా ఎక్కువ కాదు. హంగరీలో మ్యూజియాలకు సాధారణంగా సోమవారం సెలవు కనుక ఆ రోజు పెట్టుకోవద్దు. బుడాపెస్ట్ నుండి రైలులో సుమారు మూడు గంటల ప్రయాణం. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు గాని, కాప్తలాన్ వీధి కూడా చూడాలంటే ఒక రాత్రి ఊళ్లో ఉండటం అవసరం.