మోలియేర్ కోసం పారిస్ నుంచి పెజెనాస్‌కు

ఫ్రెంచి హాస్య నాటకకర్త మోలియేర్ తిరిగిన చోట్లు చూడదలచినవారు పారిస్‌తో సరిపెట్టుకోకుండా, దక్షిణాన ఉన్న పెజెనాస్‌కు ఒక రాత్రి కేటాయించడం మంచిది. 1643లో బెజార్ అనే నటుల కుటుంబంతో కలిసి పెట్టిన నాటక సమాజం అప్పుల్లో మునిగి, 1645లో జైలు పాలైన ఆ యువకుడు, తరువాత పదమూడేళ్లు దేశమంతా తిరుగుతూ నటనా రచనా నేర్చుకున్నది ఇటువంటి ఊళ్లలోనే.

పెజెనాస్‌కు ప్రయాణికుల రైలు లేదు. దగ్గరి పట్టణం బెజియేలో రైలు దిగి బస్సు ఎక్కాలి. ఆదివారం బస్సులు తక్కువ. పాత వీధుల్లోని రాతి భవనాల్లో మేము తీసుకున్న గది చల్లగా, విశాలంగా ఉన్నా లిఫ్టు లేకపోవడంతో ఇరుకు మెట్ల మీదుగా పెట్టెలు మోయవలసి వచ్చింది. పెద్దవారితో వెళ్లేవారు ఈ సంగతి ముందే అడగాలి.

మోలియేర్ నాటక సమాజాన్ని ఇక్కడ ఆదరించిన కోంతీ రాకుమారుడు, భక్తి మార్గం పట్టాక తన పేరు వాడుకోవద్దన్నాడు. కపట భక్తుణ్ణి ఎగతాళి చేసిన మోలియేర్ నాటకం ‘తార్త్యూఫ్’ 1664లో నిషేధానికి గురై 1669లో గాని బయటపడలేదన్న సంగతిని దీనితో కలిపి ఆలోచిస్తే, ఈ ఊరి ప్రయాణం వృథా అనిపించదు. జెలీ అనే మంగలి దుకాణంలో కూర్చుని మోలియేర్ జనం మాటలు వినేవాడన్న కథను మాత్రం కథగానే తీసుకోవాలి. దారపు కండె ఆకారంలో ఉండే ఇక్కడి చిన్న పేస్ట్రీలో గొర్రె మాంసం, చక్కెర, నిమ్మ కలుస్తాయి కనుక శాకాహారులకు పనికిరావు. మన ఉత్తర సర్కారులను 1765లో కంపెనీకి రాయించుకున్న క్లైవ్ 1768లో ఇక్కడ బస చేసినప్పుడు అతడి వంటవారి వల్ల ఇవి ఊరికి అబ్బాయని చెబుతారు.

పారిస్‌లో డబ్బుకు తగిన ఫలం ఫ్రాన్సు జాతీయ నాటక సంస్థ కామెడీ ఫ్రాన్సేజ్‌లోని రిషెల్యూ నాటకశాలలో దక్కింది. ప్రదర్శనకు గంట ముందు అమ్మే చౌక సీట్లలో వేదిక పూర్తిగా కనిపించదు, అయినా నాటకం ముందే చదువుకుని వెళ్తే నష్టం లేదు. 1673 ఫిబ్రవరి 17న ‘రోగిష్ఠి’ పాత్ర వేస్తూ మోలియేర్ కూర్చున్న కుర్చీ ఆ సంస్థ వద్దే ఉంది. ఆ రాత్రే ఇంట్లో మరణించాడు. పేర్ లాషేజ్ శ్మశానంలో 1817లో కట్టిన సమాధిలోని అస్థికలు అతడివేనన్న నమ్మకం చరిత్రకారులకు లేదు కాబట్టి, సమయం తక్కువైతే దాన్ని వదిలి, బాప్తిస్మం జరిగిన సెంత్-ఉస్తాష్ చర్చికి నడవవచ్చు.