థాయ్‌లాండ్ ప్రయాణానికి తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్: కోవిడ్ వచ్చాక ఎంతవరకు ఆదుకుంది

2022 మే నెలలో మా ఆయన, నేను, అత్తయ్య కలిసి బ్యాంకాక్, పట్టాయా వెళ్లాం. ఆ ప్రయాణానికి తీసుకున్న ట్రావెల్ పాలసీ మీద ఈ రివ్యూ. అప్పట్లో థాయ్‌లాండ్ వెళ్లాలంటే ఇన్సూరెన్స్ తప్పనిసరి. చాలామంది దాన్ని ఫైల్లో పెట్టాల్సిన ఒక కాగితంగానే చూసేవారు. మాకు మాత్రం దాన్ని నిజంగానే వాడాల్సి వచ్చింది. అందుకే కొనేటప్పటి సంగతి, డబ్బు అడిగినప్పటి సంగతి రెండూ రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. మన దేశంలో అమ్మే ఇలాంటి పాలసీల్లో షరతులు చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి, పేరు తెలియకపోయినా మీకు పనికొచ్చే విషయాలే ఇవి.

ముందు అప్పటి నిబంధనలు చెప్పాలి. 2021 నవంబర్ 1న థాయ్‌లాండ్ పాస్ (ఆ దేశంలోకి రావడానికి ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన అనుమతి, క్యూఆర్ కోడ్ రూపంలో వచ్చేది) మొదలైనప్పుడు కనీసం 50,000 డాలర్ల వైద్య బీమా అడిగారు. 2022 మార్చి 1 నుంచి దాన్ని 20,000కి, మే 1 నుంచి 10,000కి తగ్గించారు. జూలై 1న పాస్‌నూ బీమా షరతునూ పూర్తిగా ఎత్తేశారు. ఇంత త్వరత్వరగా మారుతుంటే ట్రావెల్ ఏజెంట్లకే లెక్క అందేది కాదు. వైజాగ్‌లో మేం అడిగిన ఏజెంటు మే నెలలో కూడా ఇరవై వేలే చెబుతున్నాడు. మిగతా దేశాలవి తలో దారి. సింగపూర్ టీకా వేసుకున్న సందర్శకులను తన ప్రత్యేక విమానాల్లో రానిచ్చినప్పుడు 30,000 సింగపూర్ డాలర్ల కవర్ అడిగింది. శ్రీలంక అయితే 12 డాలర్లు కట్టించుకుని 50,000 డాలర్ల కోవిడ్ బీమా తానే ఇచ్చేది. మన కంపెనీ కాగితంలో ఏం రాసి ఉందో అన్న టెన్షన్ లేని ఆ శ్రీలంక పద్ధతే నాకు నచ్చింది.

థాయ్‌లాండ్ కంపెనీల పాలసీలు ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరికేవి. పాస్ కోసమే తయారుచేసినవి కాబట్టి సర్టిఫికెట్ మీద కోవిడ్ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండేది. అయినా నేను వాటి జోలికి వెళ్లలేదు. కోవిడ్ సోకితే చాలు, ఒకేసారి పెద్ద మొత్తం చెల్లిస్తామని పాలసీలు అమ్మిన కొన్ని థాయ్ కంపెనీలు క్లెయిముల తాకిడికి తట్టుకోలేక 2021, 2022ల్లో లైసెన్సులు పోగొట్టుకున్నాయి. పైగా ఏదైనా తేడా వస్తే వైజాగ్‌లో కూర్చుని బ్యాంకాక్ కంపెనీతో ఎక్కడ కొట్లాడతాం? మన కంపెనీ అయితే ఫిర్యాదు చేయడానికి ఇక్కడే ఒక చోటు ఉంటుంది.

మేం తీసుకున్నది ‘జపాన్ మినహా ఆసియా’ ప్లాను, మనిషికి 50,000 డాలర్లు. పదివేలు సరిపోతుందని తెలిసినా యాభై వేలే తీసుకున్నాం. మా ఇద్దరికీ చెరో వెయ్యి లోపే అయింది. అత్తయ్యకు అరవై ఏడేళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి, అందుకని ఆమె ప్రీమియం మా ఇద్దరిదీ కలిపినదాని కన్నా ఎక్కువే. ఆ రెండు జబ్బుల సంగతీ ప్రపోజల్‌లో రాయించాను. “రాస్తే ప్రీమియం పెరుగుతుందేమో మేడమ్, వదిలేద్దామా?” అన్నాడు ఏజెంటు. వద్దన్నాను. దయచేసి మీరూ ఆ మాట వినకండి. దాచిన జబ్బు క్లెయిమ్ రోజున బయటపడితే జ్వరానికి కూడా పైసా రాకపోవచ్చు.

పాలసీ మెయిల్లో వచ్చాక చూస్తే షెడ్యూల్‌లో ‘మెడికల్ ఎక్స్‌పెన్సెస్ 50,000 డాలర్లు, డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మొదట మనమే భరించాల్సిన మొత్తం) 100 డాలర్లు’ అని ఉంది. కోవిడ్ ఊసే లేదు. లోపల ముప్పై పేజీల నిబంధనల్లో ఎక్కడో ఉందట. పాస్ దరఖాస్తు చూసే వాళ్లు ముప్పై పేజీలు చదువుతారా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ముగ్గురి పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు, తేదీలు, థాయ్‌లాండ్ పేరు, కోవిడ్ చికిత్సకూ ఇదే కవర్ వర్తిస్తుందన్న మాట, అన్నీ ఒకే పేజీలో ఉండేలా లెటర్ అడిగాను. అదే రోజు సాయంత్రానికి పంపారు. దాన్నే అప్‌లోడ్ చేస్తే క్యూఆర్ కోడ్ ఇబ్బంది లేకుండా వచ్చింది. ఈ పని విషయంలో కంపెనీకి పూర్తి మార్కులు.

పట్టాయాలో అత్తయ్యకు జ్వరం, గొంతు నొప్పి. ఫార్మసీలో ఏటీకే (ఇంట్లోనే కోవిడ్ పరీక్ష చేసుకునే) కిట్ తెచ్చి హోటల్ గదిలోనే చూశాం. రెండో గీత సన్నగా మొదలై, చూస్తుండగానే ముదురు రంగులోకి వచ్చింది. ఆమెకు విషయం చెప్పగానే మొదట అడిగింది, “ఇక్కడ ఆస్పత్రి అంటే లక్షలవుతాయేమో కదమ్మా?” అని. ఇన్సూరెన్స్ ఉంది అత్తయ్యా, మీరేం దిగులు పెట్టుకోకండి అని చెప్పగలిగాను. ఆ ఒక్క మాట చెప్పగలగడం కోసమైనా ఆ ప్రీమియం దండగ కాదు.

పాలసీ మీద ఉన్న టోల్ ఫ్రీ నంబర్ థాయ్‌లాండ్ నుంచి కలవలేదు. కిందనే చిన్న అక్షరాల్లో ప్లస్ 91తో మొదలయ్యే ఇంకో నంబర్ ఉంది, అది కలిసింది. అవతలి అమ్మాయి ఓపికగా మాట్లాడింది. రిఫరెన్స్ నంబర్ ఇచ్చి, దగ్గర్లోని ప్రైవేట్ ఆస్పత్రి పేరు చెప్పింది. అడ్మిట్ చేస్తేనే క్యాష్‌లెస్ అని, ఓపీలో చూపించుకుంటే మనమే కట్టి తర్వాత తెచ్చుకోవాలని ముందే స్పష్టం చేసింది. తప్పుడు భరోసా ఇవ్వకుండా ఉన్న మాట చెప్పినందుకు ఆ అమ్మాయికి ఇప్పటికీ కృతజ్ఞతగా ఉన్నాను.

డాక్టర్ చూసి, ఎక్స్‌రే, రక్త పరీక్షలు చేయించి, ఫావిపిరవిర్ మాత్రలు రాసి, హోటల్లోనే విడిగా ఉండమన్నారు. బిల్లు 9,200 బాత్‌లు. అప్పటి రేటులో ఇరవై వేల రూపాయల పైనే. హోటల్ వాళ్లు మర్యాదగా ఉన్నారు, భోజనం తలుపు దగ్గర పెట్టి వెళ్లేవారు. కానీ అదనపు రోజుల గది అద్దె, వెనక్కి వచ్చే టిక్కెట్ల తేదీ మార్పు కలిపితే ఆస్పత్రి బిల్లును దాటిపోయింది.

ఇక్కడే అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఉంది. మన పాలసీలు చాలావరకు చికిత్సకు డబ్బిస్తాయి, విడిగా ఉండమన్నందుకు ఇవ్వవు. ఆ ఏడాది మొదట్లో థాయ్‌లాండ్‌లో లక్షణాలేమీ లేని విదేశీయులను కూడా పాజిటివ్ వచ్చిందని ఆస్పత్రుల్లోనో, ఆస్పత్రిగా మార్చిన హోటళ్లలోనో ఉంచేవారు. అది వైద్యపరంగా అవసరమైన చికిత్స కాదని చాలా విదేశీ కంపెనీలు ఆ బిల్లులు కట్టలేదు. దేశంలోకి రావడానికి ప్రభుత్వం ఒప్పుకున్న పాలసీయే, తీరా ఆ ప్రభుత్వ నియమం వల్ల వచ్చిన ఖర్చుకు పనికిరాకుండా పోయింది. దూరదేశంలో, భాష రాని చోట, అలా ఇరుక్కున్న వాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది. ప్రయాణికుడి దగ్గర బీమా అడిగే ప్రభుత్వం, అందులో క్వారంటైన్ ఖర్చు ఉండాలో లేదో కూడా తేల్చి చెప్పాలి. డాలర్ల అంకె ఒక్కటే చెప్పి వదిలేయడం అన్యాయం.

మా క్లెయిమ్‌లోనూ గది అద్దె ఇవ్వలేదు. టిక్కెట్ మార్పు కూడా, ‘ట్రిప్ ఇంటరప్షన్’ (ప్రయాణానికి మధ్యలో ఆటంకం) కవర్ ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తుందని కొట్టేశారు. షరతుల్లో అలాగే రాసి ఉంది కాబట్టి దాని మీద నేను వాదించలేదు. కానీ వైద్య ఖర్చు విషయంలో వాళ్లు చేసింది నాకు కోపం తెప్పించింది. అసలు బిల్లులు, ప్రిస్క్రిప్షన్, పాస్‌పోర్ట్ స్టాంపుల కాపీలు, బోర్డింగ్ పాసులు, క్యాన్సిల్డ్ చెక్కు అన్నీ పంపాక ‘డిశ్చార్జ్ సమ్మరీ జతచేయలేదు’ అని మెయిల్ పెట్టారు. ఓపీ రోగికి డిశ్చార్జ్ సమ్మరీ ఎక్కడి నుంచి వస్తుంది? అదే మాట రాస్తే మళ్లీ అదే మెయిల్. అప్పుడు పాలసీలో అవుట్ పేషెంట్ చికిత్స ఉన్న క్లాజు నంబరు చూపిస్తూ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాశాను. ఆ తర్వాతే ఫైలు కదిలింది. బిల్లులో షుగర్ పరీక్షకు వేసిన 300 బాత్‌లు పాత జబ్బుకు సంబంధించినవని తీసేశారు. వంద డాలర్ల డిడక్టిబుల్ పోయింది. పన్నెండు వేల చిల్లర అకౌంట్లో పడింది.

డిడక్టిబుల్ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఏజెంట్లు దీన్ని అసలు చెప్పరు. వంద డాలర్లంటే అప్పుడు దాదాపు 7,700 రూపాయలు. ప్రతి క్లెయిమ్‌లోనూ మొదట ఆ మొత్తం మనమే భరించాలి. ఆసియా దేశాల్లో ఒకసారి డాక్టర్‌కు చూపించుకుంటే అయ్యే ఖర్చు చాలాసార్లు అందులోనే తేలిపోతుంది. అంటే చిన్న జ్వరాలకు ఈ పాలసీ ఉన్నా లేనట్టే. అడ్మిట్ అయ్యేంత జబ్బు చేస్తేనే దాని అసలు విలువ.

మీకు క్లెయిమ్‌లో ఇలాంటి ఇబ్బందే వస్తే, ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా పంపండి. అక్కడ కదలకపోతే బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ ఉంది. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకూ ఆ ఆఫీసే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

కొనడం, లెటర్, ఫోన్‌లో సాయం వరకు ఈ కంపెనీకి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. క్లెయిమ్ విభాగానికి రెండుకు మించి ఇవ్వలేను. థాయ్‌లాండ్ బీమా అడగడం మానేసినా, చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఉన్న షెంజెన్ వీసాకు 30,000 యూరోల కవర్ ఇప్పటికీ కావాలి. వచ్చే ఏడాది అత్తయ్యను తీసుకుని యూరప్ వెళ్లాలని మా ఆయన అంటున్నారు. మళ్లీ ఈ కంపెనీలోనే తీసుకుంటాం, కాకపోతే ప్రీమియం ఎక్కువైనా డిడక్టిబుల్ లేని ప్లాను. ఓపీ క్లెయిమ్‌కు ఏయే కాగితాలు కావాలో డబ్బు కట్టకముందే మెయిల్‌లో రాయించుకుంటాను.