శనివారం భోగిపళ్ళు, ఆదివారం ఫుట్‌బాల్: లియోన్‌లో గ్రూపామా స్టేడియం

ముందే చెప్పేస్తున్నా, ఫ్రాన్స్‌లో పిల్లల్ని మొదటిసారి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళాలనుకుంటే లియోన్ క్లబ్ ఓఎల్ (ఒలింపిక్ లియోనే) మహిళల టీమ్ మ్యాచ్‌కి తీసుకెళ్ళండి. మగవాళ్ళ మ్యాచ్ తర్వాతైనా చూడొచ్చు. మేం వెళ్ళొచ్చి వారమైంది, మా పాప ఆ స్కార్ఫ్ ఇంకా మెడలోంచి తీయట్లేదు.

మేం ఉండేది లియోన్ పక్కనే ఉన్న విలర్‌బాన్‌లో. సంక్రాంతికి ఇక్కడ సెలవుండదు కదా, అందుకే పండగంతా శనివారం పెట్టుకున్నాం. నాలుగేళ్ళ మా బాబుకి భోగిపళ్ళు పోశాం. రేగుపళ్ళు దొరకలేదు, చిన్న ద్రాక్షపళ్ళు, పూలరేకులు, ఇంట్లో పోగైన ఒకటి రెండు సెంట్ల నాణేలు కలిపి అత్తయ్య పోశారు. జనవరి అంతా బేకరీల్లో గాలెట్ అమ్ముతారు, పొరలు పొరలుగా ఉండి లోపల బాదం క్రీమ్, ఆ క్రీమ్‌లో ఒక చిన్న పింగాణీ బొమ్మ. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు టేబుల్ కింద దూరి ఏ ముక్క ఎవరికో చెప్పాలి, బొమ్మ వచ్చినవాళ్ళకి కిరీటం. అరిసెల పక్కన అదీ పెట్టాం. మావాడు కిందనుంచి "ఇది నానమ్మకి" అని అరిచిన ముక్కలోనే బొమ్మ వచ్చింది! కానీ బేకరీ వాళ్ళు కాగితం కిరీటం ఇవ్వడం మర్చిపోయారు, నాకు నిజంగా కోపమొచ్చింది, పిల్లలు ఎదురుచూసేదే దానికోసం. పాప అట్టముక్క కత్తిరించి చేసిచ్చింది. మర్నాడు అత్తయ్య మంకీ క్యాప్ మీద ఆ కిరీటం పెట్టుకునే మ్యాచ్‌కి వచ్చారు.

స్టేడియం లియోన్‌కి తూర్పున డెసీన్‌లో ఉంది, 2016లో తెరిచారు. మాకు మెట్రో 'A' లైన్ చివరిదాకా వెళ్ళి అక్కడ టీ7 ట్రామ్ ఎక్కితే సరిపోయింది. పార్ దియు స్టేషన్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి టీ3 ఉంది. టికెట్లు మగవాళ్ళ మ్యాచ్‌ల కంటే బాగా చవక, అందుకే ఐదుగురం కింద వరసల్లో కూర్చోగలిగాం, బంతిని తన్నిన చప్పుడు కూడా వినిపించేంత దగ్గర.

పాప వచ్చింది మాత్రం ఓఎల్ డిఫెండర్ వెండీ రెనార్ కోసం. క్లాసులో అందరికంటే పొడుగని మా పిల్ల భుజాలు వంచి నడుస్తుంది, ఎన్నిసార్లు చెప్పినా అంతే. రెనార్ ఎత్తు 1.87 మీటర్లని, కరీబియన్ దీవి మార్టినీక్ నుంచి 2006లో పదహారేళ్ళకే లియోన్ వచ్చి ఇదే టీమ్‌తో ఎనిమిదిసార్లు యూరప్ ఛాంపియన్స్ లీగ్ గెలిచిందని మా ఆయన చెప్పినప్పటినుంచీ తనూ డిఫెండర్‌నే అవుతానంటోంది. 2019 మహిళల ప్రపంచ కప్ ఫైనల్, అమెరికా 2-0తో నెదర్లాండ్స్‌ని గెలిచింది చూడండి, అదీ ఈ గ్రౌండ్‌లోనే జరిగింది. ఆ మాట చెప్తే పాప కాసేపు మాట్లాడకుండా గడ్డివైపే చూస్తూ ఉండిపోయింది.

ఒక్కటే బాధ. దాదాపు 59 వేల సీట్లు, మహిళల లీగ్ మ్యాచ్‌కి అవి నిండవు. ఇంత గొప్ప టీమ్‌కి అన్ని ఖాళీ సీట్లు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఉన్నవాళ్ళు మాత్రం గొంతులు పోయేలా అరుస్తారు, బూతులు వినపడలేదు, మా చుట్టూ అన్నీ పిల్లలున్న కుటుంబాలే. ఇక్కడ 1991 నాటి చట్టం వల్ల స్టాండ్స్‌లో అమ్మే బీరు కూడా ఆల్కహాల్ లేనిదే, తాగి తూలేవాళ్ళు పక్కన కూర్చుంటారేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. గోల్ పడ్డప్పుడు ముందు వరసలో ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి అత్తయ్య రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది, ఒకరి భాష ఒకరికి రాదు, అయినా మ్యాచ్ అయ్యేదాకా ఇద్దరూ గోల్ దగ్గరికి బంతి వెళ్ళినప్పుడల్లా ఒకరినొకరు చూసుకుంటూనే ఉన్నారు.

శాకాహారులకి తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, ఫ్రైస్‌తో సరిపెట్టుకోవాలి. మేం పులిహోర తినే బయలుదేరాం. పైకప్పు ఉంది కాబట్టి తడవం గానీ జనవరి చలిలో రెండు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్ళు గడ్డకడతాయి, రెండు జతల సాక్సులు వేయండి, ఒళ్ళో కప్పుకోడానికి శాలువా తెచ్చుకోండి. రాత్రి తొమ్మిదికి మొదలయ్యే మ్యాచ్‌లూ ఉంటాయి, చిన్నపిల్లలుంటే మధ్యాహ్నానిదే చూసి బుక్ చేయండి, మర్నాడు బడి ఉంటుంది.