కథోలిక అబ్బాయి, హిందూ అమ్మాయి: ఏ దారిలో పెళ్ళి మేలు?

మా విచారణలో (మా చర్చి పారిష్‌లో) పెళ్ళికి సిద్ధమయ్యే జంటలకు జరిగే తరగతుల్లో నేనూ మా ఆవిడా సాయం చేస్తుంటాం. ఒకరు కథోలికులు, ఇంకొకరు హిందువులు అయిన జంటలు ఇప్పుడు వింతేమీ కాదు. కాలేజీలోనో ఆఫీసులోనో పరిచయం, ప్రేమ, ఇళ్ళల్లో ఒప్పించడానికి ఏళ్ళకేళ్ళు. తీరా అందరూ సరేనన్నాక పెళ్ళి ఎక్కడ, ఎలా అన్న దగ్గర కథ మళ్ళీ మొదటికొస్తుంది. అమ్మాయి కథోలికురాలై అబ్బాయి హిందువైనా లెక్క ఇదే. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది మొదటి రకం కాబట్టి అలాగే రాస్తున్నాను.

వాళ్ళ ముందు మూడు దారులుంటాయి. అమ్మాయికి జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించి చర్చిలో పెళ్ళి చేయడం ఒకటి. ఎవరి మతంలో వాళ్ళు ఉంటూనే బిషప్‌గారి అనుమతితో చర్చిలో చేసుకోవడం రెండోది. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టడం మూడోది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామందికి రెండోదే మేలు, అది కుదరకపోతే మూడోది. పెళ్ళి కోసం హడావిడిగా ఇప్పించే జ్ఞానస్నానం అన్నిటికంటే చివర. కథోలికుడివై ఉండి ఈ మాట అంటావేమిటని మావాళ్ళే కొందరు నొచ్చుకుంటారు. కానీ శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం చదివితే ఇందులో నా సొంత పైత్యం ఏమీ లేదని వాళ్ళకే తెలుస్తుంది.

గుళ్ళో తాళి కట్టేసి తర్వాత చూసుకుందాం అనుకునేవాళ్ళకు ముందు ఒక మాట. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఇద్దరు హిందువుల పెళ్ళికి మాత్రమే వర్తిస్తుంది. 1996లో మన ఆంధ్రలోనే ఒక కథోలిక యువకుడు హిందూ యువతికి గుడిలో తాళి కట్టి, ఆ చట్టం కిందే రిజిస్టర్ కూడా చేయించాడు. తర్వాత గొడవలొచ్చి వ్యవహారం విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2008 డిసెంబరులో ఆ పెళ్ళి చెల్లదని తీర్పు వచ్చింది. రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో ఉన్నా ఉపయోగం లేకపోయింది. శ్రీసభ లెక్కలోనూ అంతే. కథోలికుల పెళ్ళి విచారణ గురువు (పారిష్ ఫాదర్) ముందో, అధికారం పొందిన మరో గురువు లేదా డీకను (ఫాదర్ కంటే కింది స్థాయి చర్చి సేవకుడు) ముందో, ఇద్దరు సాక్షుల సమక్షంలో జరగాలి.

పెళ్ళి కోసం జ్ఞానస్నానం

అబ్బాయి తల్లిదండ్రులు దీనికోసం ఎందుకు పట్టుబడతారో నాకు తెలుసు. కోడలు ఆదివారం తమతో పాటు చర్చిలో పూజకు (మాస్‌కు) రావాలి, పిల్లలు ఒకే విశ్వాసంలో పెరగాలి, బంధువుల్లో మాట రాకూడదు. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. పైగా ఇద్దరూ జ్ఞానస్నానం పొందినవాళ్ళయితే ఆ పెళ్ళి దివ్యసంస్కారం, అంటే దేవుని కృపను ఇచ్చేదిగా శ్రీసభ ఎంచే పవిత్ర కార్యం అవుతుంది. భార్యాభర్తలు పక్కపక్కన నిలబడి సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా అందుకునే అప్పం) తీసుకోవడం ఏ ఇంటికైనా పెద్ద బలం. అమ్మాయికి నిజంగా యేసుక్రీస్తు మీద విశ్వాసం కలిగి, తనంతట తానుగా కోరుకుంటే ఇంతకంటే మంచి దారి లేదు.

మేము చూసేది మాత్రం వేరే. ఒకసారి తరగతి అయిపోయాక ఒక అమ్మాయి మా ఆవిడను పక్కకు పిలిచింది. పరలోక జపం, మంగళవార్త జపం తడబడకుండా అప్పజెప్పగలదు. ఫాదర్‌గారు అడిగే ప్రశ్నలకు జవాబులు నోట్‌బుక్‌లో రాసుకుని కంఠతా పట్టింది. ఆమె అడిగింది ఒకటే: "ఆంటీ, జ్ఞానస్నానం అయ్యాక మా అమ్మ చేసే వరలక్ష్మీ వ్రతంలో నేను కూర్చుంటే తప్పా?" ఆ పిల్లకు జపాలు నేర్పినవాళ్ళున్నారు గానీ, జ్ఞానస్నానం అంటే ఏం ఒప్పుకుంటున్నట్టో, ఏం వదులుకుంటున్నట్టో కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు.

పెద్దవాళ్ళకు జ్ఞానస్నానం ఇచ్చే పద్ధతి శ్రీసభలో తీరిగ్గా సాగేది. నెలల తరబడి బోధన, ప్రార్థన, అంచెలంచెలుగా జరిగే ఆచారాలు, చివరికి మామూలుగా పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి జ్ఞానస్నానం. విశ్వాసం విషయంలో ఎవరినీ మనస్సాక్షికి విరుద్ధంగా బలవంతపెట్టకూడదని శ్రీసభ చట్టంలో 748వ నిబంధన సూటిగా చెబుతోంది. "జ్ఞానస్నానం లేకపోతే పెళ్ళి లేదు" అని అత్తగారింటి వాళ్ళు అంటే అది బలవంతం కాదా?

మన రాష్ట్రాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. దీన్ని పెళ్ళికి ముందు ఎవరూ ఎత్తరు. అమ్మాయి ఎస్సీ అయితే, జ్ఞానస్నానంతో ఆమె ఎస్సీ హోదా పోతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు ఇక్కడ బీసీ-సీ కిందికి వస్తారు. ఈ నిబంధన అన్యాయమని నేను నమ్ముతాను, కానీ ప్రస్తుతానికి అమల్లో ఉన్నది ఇదే. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న అమ్మాయికి ఈ విషయం చెప్పకుండా జ్ఞానస్నానం తేదీ ఖాయం చేయడం ఆమెకు చేసే అన్యాయమే. ఇది తెలిసీ విశ్వాసం కోసం వచ్చేవాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను.

రిజిస్ట్రార్ ఆఫీసు

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఎవరినీ మతం మారమనదు. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసులో 30 రోజులు అందరికీ కనిపించేలా ఉంటుంది, తర్వాత ముగ్గురు సాక్షులతో పెళ్ళి. ఇంట్లో తెలియకుండా చేసుకోవాలనుకునే జంటలకు ఆ నోటీసు బోర్డే పెద్ద గండం. ఆస్తి విషయంలో కూడా తేడా ఉంది. ఉమ్మడి కుటుంబంలో ఉన్న హిందువు వేరే మతం వ్యక్తిని ఈ చట్టం కింద చేసుకుంటే ఆ కుటుంబం నుంచి వేరుపడినట్టు లెక్క, వారసత్వం భారతీయ వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. పొలాలున్న ఇళ్ళల్లో దీని గురించి లాయరుతో ఒకసారి మాట్లాడుకోవాలి.

చట్టం దృష్టిలో ఇది గట్టి పెళ్ళి. శ్రీసభ దృష్టిలో మాత్రం, ముందే బిషప్‌గారి దగ్గర మినహాయింపు తీసుకోకుండా ఇలా చేసుకుంటే కథోలికుడికి ఇంకా పెళ్ళి కానట్టే. దాంపత్య జీవితం వివాహంలోనే అన్నది శ్రీసభ బోధన కాబట్టి, ఆ అబ్బాయి సత్ప్రసాదానికి దూరంగా ఉండాల్సి వస్తుంది. చిన్నప్పటి నుంచి బలిపీఠం దగ్గర సేవ చేసిన కుర్రాడు, పెళ్ళయ్యాక పూజలో వెనక బెంచీలో కూర్చుని, అందరూ లేచి వెళ్తుంటే తలదించుకోవడం నేను చూశాను. చూసేవాళ్ళకే కష్టంగా ఉంటుంది.

అయినా దీన్ని జ్ఞానస్నానం దారి కంటే పైన పెట్టడానికి కారణం ఉంది. ఇది తర్వాత సరిచేసుకోగలిగింది. కావలసిన అనుమతి తీసుకుని గురువు ముందు ఇద్దరూ మళ్ళీ సమ్మతి చెబితే సరిపోతుంది. "ఒకసారి పెళ్ళయింది కదా, మళ్ళీ చర్చిలో నిలబడను" అని భార్య అంటే దానికీ మార్గముంది. ఇద్దరి సమ్మతి ఇంకా నిలిచి ఉంటే, ఏ తంతూ లేకుండా బిషప్‌గారే ఆ పెళ్ళిని మూలం నుంచి చెల్లేలా చేయగలరు. దాన్ని చర్చి భాషలో సనాసియో అంటారు. వెనక బెంచీల్లో ఏళ్ళ తరబడి మిగిలిపోయిన చాలామందికి ఈ మాట తెలియదు. మనస్సు లేకుండా పొందిన జ్ఞానస్నానాన్ని ఇలా వెనక్కి వెళ్ళి సరిచేయలేం.

బిషప్‌గారి అనుమతితో

జ్ఞానస్నానం పొందని వ్యక్తితో కథోలికుల పెళ్ళికి శ్రీసభ చట్టంలో ఒక అడ్డంకి ఉంది. బిషప్‌గారు మినహాయింపు ఇస్తే అది తొలగిపోతుంది. మనవాళ్ళు డిస్పెన్సేషన్ అనేది దీన్నే. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా వర్తిస్తుంది, అందువల్ల ప్రభుత్వం దగ్గరా ఈ పెళ్ళి చెల్లుతుంది. అవతలివాళ్ళు సీఎస్ఐనో లూథరనో, అంటే జ్ఞానస్నానం పొందిన ప్రొటెస్టంట్లే అయితే పని ఇంకా తేలిక. అప్పుడు కావలసింది మామూలు అనుమతే, పెళ్ళి సంస్కారం కూడా అవుతుంది.

ఈ మినహాయింపుకు ముందు కథోలికుడు మాట ఇవ్వాలి. తన విశ్వాసాన్ని వదలనని, పుట్టే పిల్లలందరికీ జ్ఞానస్నానం ఇప్పించి కథోలికులుగా పెంచడానికి తన శక్తి మేరకు చేస్తానని. 1917 నాటి శ్రీసభ చట్టంలో పిల్లల గురించి ఇద్దరూ మాట ఇవ్వాల్సి వచ్చేది. 1970లో ఆరవ పౌలు పోప్‌గారు దాన్ని మార్చారు, 1983 చట్టంలోనూ అదే నిలిచింది. ఇప్పుడు అమ్మాయి ఏ మాటా ఇవ్వక్కర్లేదు. భర్త ఏం మాట ఇచ్చాడో ఆమెకు స్పష్టంగా తెలియాలి, అంతే. ఇది చాలా ఇళ్ళల్లో తెలియదు. "నువ్వు సంతకం పెట్టావు కదా" అని తర్వాత కోడలిని దెప్పడం విన్నాను. ఆమె పెట్టిన సంతకం తనకు తెలియజేశారని మాత్రమే.

ఇంకో మేలు, ఈ దారిలో ఇద్దరినీ కూర్చోబెట్టి దాంపత్యం గురించి మాట్లాడతారు. గురువు అబ్బాయినీ అమ్మాయినీ విడివిడిగా పిలిచి, ఎవరి ఒత్తిడైనా ఉందా, జీవితాంతం అనుకుంటున్నారా, పిల్లల్ని కోరుకుంటున్నారా అని అడుగుతారు. మా తరగతిలో అన్నిటికంటే ఎక్కువ మౌనం పడేది రెండో కాన్పుతో కు.ని. ఆపరేషన్ సంగతి వచ్చినప్పుడు. మన దగ్గర అది టీకా వేయించుకున్నంత మామూలు. పుట్టుక ఆగిపోయేలా చేసుకునే ఆపరేషన్‌ను, కృత్రిమ గర్భనిరోధాన్ని శ్రీసభ తప్పంటుంది. 1968లో పోప్‌గారి లేఖ చెప్పింది ఇదే. తగిన కారణముంటే సహజ పద్ధతిలో కాన్పుల మధ్య ఎడం పెట్టుకోవచ్చంటుంది. బిల్లింగ్స్ (శరీరం ఇచ్చే సూచనలతో గర్భం వచ్చే రోజులు గుర్తించడం) లాంటి పద్ధతి ఒక్కరితో అయ్యేది కాదు, భర్త కూడా నేర్చుకోవాలి, ఆగాలి. హిందూ అమ్మాయికి ఇది పెళ్ళయ్యాక ఆస్పత్రి వరండాలో తెలియడం కంటే ముందే తెలియడం ఎంతో న్యాయం. ఆమె ఒప్పుకోకపోవచ్చు. ఆ చర్చ మాత్రం పెళ్ళికి ముందే జరగాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. మామూలుగా పూజ లేకుండా వాక్యపరిచర్యతోనే (బైబిల్ పఠనాలు, ప్రసంగంతోనే) పెళ్ళి జరుగుతుంది, అబ్బాయి తరపువాళ్ళకు అది వెలితిగా ఉంటుంది. పొద్దున చర్చిలో, రాత్రి ముహూర్తానికి ఇంకోసారి కుదరదు. సమ్మతి రెండుసార్లు ఇచ్చే తంతును శ్రీసభ చట్టం ఒప్పుకోదు. అమ్మాయి తల్లిదండ్రులకు ఇది నిజమైన బాధ. నలుగు పెట్టుకోవడం, పెద్దల ఆశీస్సులు లాంటి వాటి సంగతి ఫాదర్‌గారిని ముందే అడిగి తేల్చుకుంటే సగం గొడవ తగ్గుతుంది. సిలువ గుర్తున్న తాళిని ఆశీర్వదించి కట్టించడం మన చర్చిల్లో ఎలాగూ ఉన్నదే.

ఈ పెళ్ళి సంస్కారం కాదు కాబట్టి తక్కువదనే మాట కూడా వింటాం. అది నిజమైన వివాహమే, జీవితాంతం ఉండాల్సిందే. అవిశ్వాసి అయిన జీవిత భాగస్వామి విశ్వాసి వల్ల పవిత్రత పొందుతారని పౌలు కొరింతీయులకు రాశాడు. ఎప్పుడైనా ఆమె మనస్ఫూర్తిగా జ్ఞానస్నానం కోరుకుంటే, ఆ రోజు నుంచి అదే పెళ్ళి సంస్కారం అవుతుంది, మళ్ళీ పెళ్ళి అక్కర్లేదు.

హాలు బుక్ చేసి, కార్డులు అచ్చు వేయించాక ఫాదర్‌గారి దగ్గరికి పరిగెత్తకండి. ఆరు నెలల లోపు తీసిన జ్ఞానస్నాన పత్రం కావాలి, ఫారాలు బిషప్‌గారి ఆఫీసుకు వెళ్ళి రావాలి. ఆ మాట ఇచ్చే ముందు పిల్లల సంగతి రెండు కుటుంబాలూ తేల్చుకోవాలి. పిల్లల్ని హిందువులుగా పెంచుతానని అమ్మాయి నాన్నకు ముందే చెప్పేసిన అబ్బాయి ఆ ఫారం మీద సంతకం పెట్టకూడదు. మామగారి దగ్గరికి వెళ్ళి ఆ విషయం మళ్ళీ మాట్లాడాలి. అక్కడ తేలకపోతే ఫాదర్‌గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.