సర్వర్‌లో బ్రిడ్జా, రౌటింగా: ఏది మేలు?

ఒక లైనక్స్ సర్వర్, దానికి రెండు నెట్‌వర్క్ పోర్టులు. లేదంటే ఒకే పోర్టు, లోపల నాలుగు వర్చువల్ మెషీన్లు (సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు). ఇటు వచ్చిన ప్యాకెట్ (డేటా ముక్క) అటు వెళ్లాలి. రెండు వైపులనూ ఒకే నెట్‌వర్క్‌గా కలిపేస్తే బ్రిడ్జ్, వేర్వేరు నెట్‌వర్క్‌లుగానే ఉంచి మధ్యలో దారి చూపిస్తే రౌటింగ్. బ్రిడ్జా, రౌటింగా అనగానే చాలామంది స్పీడ్ దగ్గర మొదలుపెడతారు. చిన్న ఆఫీసు ట్రాఫిక్‌కి ఆ తేడా లెక్కలోకి రాదు. నేను అడిగేది ఒకటే: కేబుల్ అవతలి కొస ఎవరి స్విచ్‌లో (నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే పెట్టెలో) ఉంది?

మన స్విచ్‌లోనే ఉంటే బ్రిడ్జ్ హాయి. సర్వరే చిన్న స్విచ్‌లా మారి, ఏ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) ఎటువైపు ఉందో గుర్తుపెట్టుకుంటుంది. 300 సెకన్లు అలికిడి లేకపోతే మరిచిపోతుంది. వర్చువల్ మెషీన్ ఆఫీసులో ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచే అడ్రస్ తెచ్చుకుంటుంది, పక్క గదిలో ప్రింటర్ కూడా దానికి కనిపిస్తుంది.

కట్టేటప్పుడే జాగ్రత్త. పోర్టును బ్రిడ్జ్‌లో చేర్చాక ఐపీ అడ్రస్ బ్రిడ్జ్‌కి ఉండాలి, పోర్టుకి కాదు. ఒకసారి రాత్రి పది దాటాక ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వర్‌కి కమాండ్లు పంపే కనెక్షన్‌లో) పనిచేస్తూ, ఐపీ సంగతి తర్వాత చూద్దాంలే అని ముందు పోర్టును బ్రిడ్జ్‌లోకి తోశాను. ఎంటర్ కొట్టానో లేదో కర్సర్ బిగుసుకుపోయింది. తర్వాతి కమాండ్ కొట్టే దారే లేదు. బండి తీసి ఆఫీసుకెళ్లి, వాచ్‌మన్‌ని లేపి, సర్వర్‌కి మానిటర్ తగిలించాను. ఇప్పుడైతే పది నిమిషాల్లో దానంతటదే రీబూట్ అయ్యేలా పెట్టి, ఆ తర్వాతే చెయ్యి వేస్తాను. సెట్టింగ్ సేవ్ చేయలేదు కాబట్టి పాత స్థితికి వచ్చేస్తుంది.

బ్రిడ్జ్‌లో అటు అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ల గోలంతా ఇటూ వినిపిస్తుంది. ప్యాకెట్లు గిర్రున తిరిగే లూప్ పడిందా, ఆఫీసు మొత్తం నెట్ గోవిందా.

స్విచ్ మనది కాకపోతే కథ వేరు. చాలా డేటా సెంటర్లలో అద్దె సర్వర్ పోర్టుకి ఒకే మ్యాక్ అనుమతి. కొత్త మ్యాక్‌లు కనిపిస్తే అడ్డుకుంటారు. వైఫై కూడా అంతే, కనెక్ట్ అయిన మ్యాక్ తప్ప ఇంకొకటి మామూలుగా ఒప్పుకోదు. అక్కడ రౌటింగే దిక్కు.

రౌటింగ్‌లో రెండు వైపులా వేర్వేరు సబ్‌నెట్లు (ఐపీ అడ్రస్‌ల గుంపులు): ఇటు 192.168.10.0/24, అటు 192.168.20.0/24 అనుకోండి. చాలామంది ఐపీ ఫార్వర్డింగ్‌ని (ప్యాకెట్లను ఒకవైపు నుంచి మరోవైపు దాటించే సెట్టింగ్‌ని) 0 నుంచి 1 చేసి అంతటితో ఆగిపోతారు. ఆపైన ‘పింగ్ పోతోంది, జవాబు రావట్లేదన్నా’ అని ఫోన్. ఎలా వస్తుంది? 192.168.20.0 సబ్‌నెట్ ఈ సర్వర్ వెనక ఉందని ఆఫీసు రౌటర్‌కి ఎవరూ చెప్పలేదు. అందులో ఒక రూట్ రాయాలి, ఆ రౌటర్ మన చేతిలో లేకపోతే నాట్ (NAT: లోపలి అడ్రస్ బదులు సర్వర్ తన అడ్రస్ వేసి పంపడం) పెట్టాలి. ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రస్‌లు) వాడేవాళ్లకి ఇంకో మెలిక: ఫార్వర్డింగ్ ఆన్ చేయగానే సర్వర్ తానే రౌటర్ననుకుని, పై రౌటర్ ప్రకటనలు (‘దారి నా గుండా’ అని చెప్పే సందేశాలు) పట్టించుకోవడం మానేస్తుంది. ఆ ప్రకటనల సెట్టింగ్‌ని (accept_ra) 2 చేస్తే మళ్లీ వింటుంది.

ఇంత తంటా ఉన్నా, ఒకదాన్నొకటి నమ్మకూడని రెండు వైపుల మధ్య నేను రౌటింగే పెడతాను. మొన్న సీసీ కెమెరాలను కూడా బ్రిడ్జ్‌లో కలిపేయమన్నారు, వద్దన్నాను. కెమెరాల వైపు నుంచి అకౌంట్స్ సిస్టమ్‌కి ఒక్క ప్యాకెట్ కూడా దాటకూడదు. వేరే సబ్‌నెట్‌లో ఉంటే దానికి ఫైర్‌వాల్‌లో ఒక్క లైను చాలు. వర్చువల్ మెషీన్లు మాత్రం బ్రిడ్జ్ మీదే ఉన్నాయి.