హన్మకొండలో నాలుగు ఆదివారాల ‘సమురాయ్ నీతి’ తరగతులు

హన్మకొండలోని ఒక కరాటే శిక్షణ కేంద్రంవారు ఈ వేసవిలో పెద్దవారి కోసం పెట్టిన ‘సమురాయ్ నీతి’ (పాతకాలపు జపాన్ యోధుల నీతి) తరగతులకు 600 రూపాయలు కట్టి నాలుగు ఆదివారాలు హాజరయ్యాను. కరాటే ఒకినావా దీవుల్లో పుట్టిన విద్య అని, సమురాయ్‌లది కాదని మాస్టారు మొదటిరోజే ఒప్పుకోవడంతో నాకు కొంత గురి కుదిరింది. కానీ తొలి రెండు వారాలు శౌర్యం, విధేయత, మానం అంటూ ఏ వ్యక్తిత్వ వికాస శిబిరంలోనైనా వినిపించే మాటలతోనే గడిచిపోయాయి.

కట్టిన రుసుముకు తగిన ఫలం మూడో ఆదివారం దక్కింది. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టిన ‘సమురాయ్ మార్గం మరణంలోనే ఉంది’ అన్న మాట ‘హగకురె’ అనే గ్రంథంలోనిది. అది చెప్పిన యమమొతో త్సునెతొమొ 1659లో, అంటే పెద్ద యుద్ధాలన్నీ ముగిసిపోయాక పుట్టి, సాగా సంస్థానంలో రాతకోతల కొలువు చేసినవాడే తప్ప ఏనాడూ రణరంగం చూసినవాడు కాదు. 1700లో ప్రభువు నబెషిమా మిత్సుషిగె మరణించినప్పుడు తానూ వెంట పోవాలనుకున్నా, ఆ ఆచారాన్ని ఆ ప్రభువే 1661లో నిషేధించి ఉండటంతో, తల గొరిగించుకుని సన్యసించాడు. చావు గురించి అంతగా మాట్లాడిన మనిషికి చచ్చే అనుమతి దొరకలేదన్న ఈ సంగతిని మాస్టారు నిదానంగా, ఎక్కడా ఆవేశపడకుండా వివరించారు. ప్రతి ఉదయం తాను చనిపోయినట్టే భావించుకోవాలని బోధించిన ఆ గ్రంథమే, నలుగురిలో ఆవులింతను ఎలా ఆపుకోవాలో కూడా చెబుతుందని విని అందరమూ నవ్వాము. నా మట్టుకు, కొలువులో ఏ క్షణమైనా ప్రాణం మీద తీపి చూసుకోకుండా ఉండేందుకే అతడు చావును తలచుకున్నాడని ఆ ఆవులింత సలహాయే ఎక్కువగా తెలియజెప్పింది.

రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరకు తప్పకుండా వెళ్లే ఒక పెద్దాయన, ఓటమి భరించలేక సంపెంగవాగులో దూకిన జంపన్నదీ ఇదే నీతి కాదా అని అడిగారు. యుద్ధంలో ఓడి ప్రాణం విడవడం వేరు, ముసలి ప్రభువు మంచం మీద కన్ను మూస్తే వెంట పోవడం వేరు. ఆ తేడా విడమరచి చెప్పాల్సిన చోట మాస్టారు గడియారం చూసుకున్నారు.

నాలుగో ఆదివారం పూర్తిగా చెక్క కత్తులతో ఫొటోలు దిగడానికే సరిపోయింది. చేతికిచ్చిన జిరాక్స్ కాగితాలలో సగం అక్షరాలు అలుక్కుపోయాయి. మూడో రోజు పాఠాన్ని ఒక్కదాన్నే విడిగా పెట్టి, ప్రశ్నలకు ఇంకో గంట కేటాయిస్తే, 200 రూపాయలిచ్చి మళ్లీ వెళ్తాను.